విప్పని మడత

యంత్రానికి నిర్ణీతమైన ఆయుర్దాయం ఉంటుంది. అది తీరిన పిమ్మట పరిశీలక సంఘం కూర్చుంటుంది, ముగ్గురు అధికారులు సంతకాలు చేస్తారు, రిజిస్టరులో నమోదవుతుంది. అప్పుడు గాని ఆ యంత్రం స్క్రాపు యార్డుకు చేరదు. ముప్పది సంవత్సరాలకు పైబడిన మా ఉద్యోగ జీవితంలో ఇటువంటి సంతకాలు ఎన్ని చేశామో లెక్కలేదు. ఒక పాత మోటారును తీసివేయడానికి ఇంత జాగ్రత్త వహించే మనము, ఇంటిలోని పాత వస్తువు విషయంలో ఏ పాటి ఆలోచన చేస్తున్నాము? ఈ ప్రశ్న మాకు తోచినది కాదు. మా అమ్మాయి అడిగినది. ఆ కథ ఈ మాసం పాఠకులతో ముచ్చటించదలచాము.

మా అమ్మాయికి పదిహేడవ ఏడు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం. ఆమె ఈడు పిల్లలు కొత్త పాటలు, కొత్త తారలు అంటూ ఉండగా, ఈమె మనసు మాత్రం 1950, 1960 దశకాల అమెరికన్ యువజన చిత్రాల మీద లగ్నమైంది. 1953లో వచ్చిన 'ది వైల్డ్ వన్' లో మార్లన్ బ్రాండో తొడిగిన తోలు జాకెట్టు, 1955 నాటి 'రెబెల్ వితౌట్ ఎ కాజ్' లో జేమ్స్ డీన్ ఎర్ర జాకెట్టు, 1959 నాటి 'గిడ్జెట్' లో శాండ్రా డీ కట్టుబొట్టు తీరు, 1963 నుండి వరుసగా వచ్చిన సముద్రతీర చిత్రాలలో ఫ్రాంకీ అవలోన్, అనెట్ ఫ్యూనిచెల్లో ఆటపాటలు ఆమెకు కరతలామలకం. చూచి ఊరుకోవడం కాదు. తల రుమాలు ఎలా ముడి వేయాలి, గౌను ఘేరు ఎంత ఉండాలి, గల్లా ఏ ఆకారంలో కత్తిరించాలి అన్న విషయాలు నోటుపుస్తకంలో బొమ్మలతో సహా వ్రాసుకుంటుంది. భౌతికశాస్త్రం నోటుపుస్తకం కంటే అది నిండుగా ఉండడం మా గమనంలోకి వచ్చింది.

నిజం చెప్పవలెనంటే మాకు కోపం వచ్చింది. ప్రవేశ పరీక్షలు ముంచుకు వస్తున్న వేళ, ఏనాటివో, ఏ దేశానివో చిత్రాలతో ఈ కాలక్షేపం ఏమిటి? పైగా గత సంవత్సరం మన టౌన్‌షిప్ క్లబ్బు వార్షికోత్సవానికి ఆమె తానే కుట్టుకున్న చక్రం వంటి గౌను ధరించి, మెడలో రుమాలు కట్టుకొని వచ్చింది. సహోద్యోగి ఒకరు, "ఏమండీ, అమ్మాయి నాటకంలో వేషం వేస్తున్నదా?" అని అడిగారు. ఆయన హాస్యానికే అన్నారు. మేము మాత్రం ఇంటికి వచ్చి గట్టిగా మందలించాము. "పాత చెత్త అంతా నెత్తిన వేసుకుంటావెందుకు? ముందు చదువు చూసుకో" అన్నాము.

అమ్మాయి ఎదురు చెప్పలేదు. కొంతసేపటికి వంటింటి గుమ్మంలో నిలబడి, "నాన్నా, నానమ్మ పెట్టె ఏదీ? చిన్నప్పుడు చూసినట్టు గుర్తు. బుట్ట చేతుల జాకెట్లు ఉండేవి కదా?" అన్నది.

మా శ్రీమతి మా వంక చూచింది. మేము గోడ వంక చూచాము.

మా అమ్మగారు 2013లో కాలం చేశారు. మరుసటి సంవత్సరం క్వార్టరు మారవలసి వచ్చినప్పుడు, సామాను తగ్గించే ఉద్దేశంతో ఆ రేకుపెట్టె తెరిచాము. చీరలలో కట్టదగినవి బంధువులకు ఇచ్చాము. మిగిలిన పాత జాకెట్లు, వెలిసిన నూలుచీరలు రెండు మూటలు కట్టి, పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే అతనికి వేశాము. ఒక బేసిను, రెండు గిన్నెలు వచ్చాయి. బేరం గిట్టుబాటుగానే కుదిరిందని అప్పుడు సంతోషించాము కూడా. ఆ బేసినులోనే నేటికీ మా ఇంట బియ్యం కడుగుతున్నారు.

విషయం విని అమ్మాయి, "ప్లాంటులో పాత మోటారుకైనా ముగ్గురు సంతకం చేస్తారని మీరే చెప్పారు కదా నాన్నా. నానమ్మ పెట్టెకు ఎవరు చేశారు?" అని మాత్రం అన్నది. మాకు సమాధానం దొరకలేదు.

ఆ ఆదివారం సాయంత్రం మేమే వెళ్ళి, ఆమె చూస్తున్న చిత్రం ముందు కూర్చున్నాము. అది 'రెబెల్ వితౌట్ ఎ కాజ్'. దర్శకుడు నికొలస్ రే. చిత్రం విడుదలైనది 1955 అక్టోబరులో. అంతకు నెల రోజుల లోపే, సెప్టెంబరు 30వ తేదీన, కారు ప్రమాదంలో జేమ్స్ డీన్ మరణించాడు. వయస్సు ఇరవై నాలుగు. తన పేరు అంత మారుమ్రోగడం చూడడానికి ఆ యువకుడు లేడు. కథానాయిక నాటలీ వుడ్, మరొక ముఖ్య పాత్రధారి సాల్ మినియో చిత్రీకరణ నాటికి నిజంగానే పదహారేళ్ళ పిల్లలు.

కుర్రకారు తగవులు, కార్ల పందేలు మాత్రమే ఉంటాయని మేము అనుకున్నాము. కాని ఆ చిత్రంలో మమ్ములను కట్టివేసినవాడు తండ్రి పాత్రధారి. కుమారుడు తన బ్రతుకులోని పెద్ద చిక్కును తెచ్చి, ఏమి చేయమంటావని సూటిగా అడుగుతాడు. తండ్రి మంచివాడే. కాని సూటిగా జవాబు చెప్పడు. తొందరపడకు, అన్నీ ఆలోచించుకోవాలి, పదేళ్ళు పోతే ఇదంతా చిన్న విషయంగా తోస్తుంది అన్న ధోరణిలో మాటలు దాటవేస్తాడు. కుమారుడు ఇల్లు వదలి వెళ్ళిపోతాడు. కథానాయిక తండ్రి మరొక రకం. ఎదిగిన కూతురు ఆప్యాయంగా దగ్గరకు వస్తే చేయి చేసుకుంటాడు. ఇద్దరూ పిల్లలు చెప్పేది వినలేదు. చిత్రం ముగిసిన తరువాత మేము కొంతసేపు మాట్లాడలేదు. అమ్మాయి కూడా అడగలేదు.

అటు తరువాత ఆమె మాకు ఒక కొత్త పాఠం చెప్పింది. విన్న కొద్దీ మాకు ఆసక్తి పెరిగింది. రెండవ ప్రపంచ యుద్ధానికి పూర్వం మనిషి బాలుడుగా ఉండేవాడు, లేదా పనిలో చేరిన పెద్దవాడుగా ఉండేవాడు. 'టీనేజర్' అన్న మాట అమెరికాలో విరివిగా వాడుకలోకి వచ్చినది 1940 దశకంలో. పదిహేడేళ్ళ ఆడపిల్లల పేరిటనే 'సెవెంటీన్' అను మాసపత్రిక 1944లో ఆరంభమైంది. యుద్ధానంతరం ఆ దేశంలో సంపద పెరిగింది. పిల్లలు ఎక్కువ కాలం బడిలో నిలిచారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడసాగాయి. అదే సమయంలో టెలివిజన్ వచ్చి పెద్దలను ఇంటిలో కూర్చోబెట్టింది. స్టూడియోలు స్వంత థియేటర్ల మీద పెత్తనం చెలాయించరాదని 1948లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇక ఇల్లు కదలి చిత్రానికి వచ్చేది ఎవరని చూస్తే, మిగిలినది కుర్రకారు. 1954లో ఏర్పడి, తరువాత అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన సంస్థ ఈ ప్రేక్షకులనే దృష్టిలో పెట్టుకొని తక్కువ ఖర్చుతో వరుసగా చిత్రాలు తీసింది. కారులో కూర్చొని చూసే ఆరుబయలు థియేటరు మొదటిది 1933లో న్యూజెర్సీ రాష్ట్రంలో వెలసింది. 1958 నాటికి అటువంటివి నాలుగు వేలకు పైబడ్డాయి. గిరాకీ ఎక్కడ ఉన్నదో కనుగొని సరఫరాను అటు మళ్ళించడమన్నమాట. మన మార్కెటింగు విభాగం వారికి ఈ సూత్రం కొత్త కాదు.

ఆ కాలమంతా స్వర్గమని మా అమ్మాయి భ్రమపడడం లేదు. బడులలో నల్లవారిని, తెల్లవారిని వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది 1954లో. అయినప్పటికీ ఆనాటి యువజన చిత్రాలలో అధిక భాగం తెల్లవారి మధ్యతరగతి ఇళ్ళలోనే నడుస్తాయి. సిడ్నీ పాయిటియర్ ముఖ్య పాత్ర ధరించిన 1955 నాటి 'బ్లాక్‌బోర్డ్ జంగిల్' వంటివి అరుదు. "బట్టలు తీసుకుంటాను నాన్నా, ఆ కాలాన్ని తీసుకోను" అన్నది అమ్మాయి. పదిహేడేళ్ళ పిల్ల నోట ఆ మాట విని, ఈమె కాలక్షేపం కోసం చూడడం లేదని మాకు అర్థమైంది.

అన్నిటికంటె మాకు నచ్చినది 'గిడ్జెట్' వెనుక కథ. ఫ్రెడెరిక్ కోనర్ అనే రచయిత నేటి చెక్ దేశపు ప్రాంతంలో 1905లో జన్మించాడు. నాజీల కాలంలో ఐరోపా విడిచి హాలీవుడ్ చేరి, సినిమా కథలు వ్రాసి జీవించాడు. కూతురు కాథీ 1956 వేసవిలో మాలిబూ తీరాన అలల మీద పలకతో స్వారీ నేర్చుకొన్నది. ప్రతి దినమూ ఇంటికి వచ్చి అక్కడి కుర్రవాళ్ళ గురించి, వారి మాటల గురించి తండ్రికి చెప్పేది. ఆయన విన్నాడు. 1957లో అది నవలయింది. 1959లో చిత్రమయింది. ఆంగ్లం తన మాతృభాష కాకపోయినా, కూతురి భాషలోని కొత్త మాటలను పోగు చేసుకున్నాడు. కూతురు చెబుతూ ఉంటే గడియారం వంక చూడని తండ్రి కనుక ఆయనకు ఆ పుస్తకం దక్కింది.

ఇక దుస్తుల సంగతి. ఇక్కడ మా విద్యకు కూడా కొంత పని తగిలింది. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం 1942లో ఆడవారి దుస్తులకు వాడే గుడ్డ మీద ఆంక్షలు విధించింది. మన దేశంలోనూ ఆ రోజులలో బట్టకు కంట్రోలు ఉండేదని పెద్దలు చెప్పగా విన్నవారమే. అటువంటి కరవు తీరిన పిమ్మట, 1947 ఫిబ్రవరిలో పారిస్ నగరాన క్రిస్టియన్ డియోర్ గజాల కొద్దీ గుడ్డతో వెడల్పయిన గౌనులు ప్రదర్శించాడు. అదే సంవత్సరం అమెరికాలో జూలీ లిన్ షార్లట్ అనే గాయని, పండుగ విందుకు కొత్త బట్టలు కొనే స్తోమత లేక, ఫెల్ట్ గుడ్డను గుండ్రంగా కత్తిరించి గౌనుగా ధరించింది. ఆమెకు కుట్టుపని రాదు. ఫెల్ట్ నేసిన బట్ట కాదు, ఉన్నిని అదిమి చేసినది. కత్తిరించిన చోట దారాలు ఊడవు. కనుక అంచు కుట్టవలసిన పని లేదు. ఆ అవసరంలో నుండి పుట్టిన గౌనే తరువాతి దశాబ్దపు పడుచులకు గుర్తుగా నిలిచిపోయింది.

ఈ గౌను లెక్క చూడండి. నడుము కొలత 26 అంగుళాలు అనుకుందాము. అంత చుట్టుకొలత గల వృత్తానికి వ్యాసార్ధం 4.14 అంగుళాలు. గౌను పొడవు 25 అంగుళాలయితే వెలుపలి వృత్తపు వ్యాసార్ధం 29.14. అంచు చుట్టుకొలత 183 అంగుళాలు, అనగా పదిహేను అడుగుల పైమాటే. దీనికి 58 అంగుళాలకు పైబడిన చతురస్రపు గుడ్డ కావాలి. అందులో సుమారు 23 శాతం ముక్కలుగా వృథా. మా అమ్మాయి మొదట వ్యాసార్ధానికి బదులు వ్యాసం తీసుకొని ఒక గుడ్డ పాడుచేసిందట. రెండవసారి తప్పు చేయలేదు. పరీక్షలో ఇదే లెక్క ఇస్తే ఆమె ఇక మరువదని మేము రూఢిగా చెప్పగలము.

"మన పరికిణీలో ఇంత వృథా ఉండదు. నలుచదరపు గుడ్డకు కుచ్చిళ్ళు పోస్తారు, కత్తిరింపు లేదు" అన్నది మా శ్రీమతి. ఆ మాటతో ఆమెకు ఏదో స్ఫురించి, అటక మీది మా అమ్మగారి కుట్టుమిషను దింపమన్నది. పదకొండేళ్ళుగా అది అక్కడే ఉన్నది. దుమ్ము పడకుండా దానికి ఒక పాత గుడ్డ చుట్టి ఉన్నది. దులిపి చూస్తే అది పరికిణీ. మంగళగిరి నేత నూలుబట్ట. రంగు వెలిసి బూడిద వర్ణానికి తిరిగింది. పెట్టె ఖాళీ చేసిన నాడు మా కంట పడలేదు కనుక మిగిలింది.

మరునాడు తెనాలిలోని మా పిన్నిగారికి ఫోను చేశాము. "ఒరే అబ్బాయ్, అది మీ అమ్మ పరికిణీయేరా!" అని ఆమె ఒక్కసారిగా గొంతు పెంచింది. ఆ తరువాత పిన్నిగారు చెప్పిన సంగతులు మేము ఏనాడూ విన్నవి కావు. 1962లో 'గుండమ్మ కథ' చూచి వచ్చి, జమున వేసుకున్న తరహా జాకెట్టు కుట్టించమని మా అమ్మగారు పట్టుబట్టారట. తాతగారు వీల్లేదన్నారట. రెండు పూటలు అన్నం మానివేసిందట. చివరకు అమ్మమ్మగారు కూరగాయల డబ్బులో మిగిల్చి రహస్యంగా కుట్టించారట. అద్దం ముందు నిలబడి మెడ అటూ ఇటూ త్రిప్పి చూసుకునేదట. మాకు తెలిసిన మా అమ్మగారు తెల్లవారుజామున లేచి పొయ్యి ముందు కూర్చునే మనిషి. ఆమెకు పదిహేనేళ్ళ వయస్సు ఒకటి ఉండేదని మాకు యాభై ఏళ్ళు దాటిన తరువాత తెలిసింది.

"అంచు మీద మడతలు చూడు, మూడు ఉండాలి. పిల్ల ఎదుగుతుందని ముందే మడతలు వేయించి, ఏడాదికొకటి విప్పేది మా అమ్మ" అన్నది పిన్నిగారు.

అమ్మాయి పరికిణీని వెలుతురులోకి తెచ్చింది. రెండు మడతలు విప్పిన గుర్తులు గీతలుగా ఉన్నవి. మూడవది కుట్టు ఊడకుండా అట్లే ఉన్నది. 1963లో మా అమ్మగారికి వివాహమైంది. పదహారేళ్ళు. ఆడపిల్ల వివాహ వయస్సు పద్దెనిమిదికి పెరిగినది 1978లో కదా, ఆనాడు అది వింత కాదు. పెళ్ళితో చీరలోకి మారారు. మూడవ మడత విప్పవలసిన అవసరం రాలేదు.

అమ్మాయి ఆ మడతను వ్రేళ్ళతో కొద్దిగా తెరిచి లోపలికి చూచి, మమ్ములను పిలిచింది. వెలుతురు సోకని ఆ అంగుళం మేర గుడ్డ నెమలికంఠం రంగులో మెరుస్తూ ఉన్నది. బూడిద రంగు అనుకున్నదాని అసలు వన్నె అది.

అద్దకపు రంగు వెలుతురుకు వెలుస్తుందని మాకు తెలియని విషయం కాదు. రంగుల ఫిల్ముకూ ఇటువంటి గతే పడుతుంది. 1950 నుండి వాడుకలోకి వచ్చిన ఈస్ట్‌మన్ కలర్ ప్రతులలో మూడు అద్దకపు పొరలు ఉండేవి. వాటిలో నీలం పొర త్వరగా క్షీణించి, చిత్రమంతా గులాబి రంగుకు తిరిగేది. జేమ్స్ డీన్ జాకెట్టు ఈనాటికీ ఎర్రగా కనిపిస్తున్నదంటే, అది దానంతట అది నిలిచినది కాదు. నిలపాలని కొందరు నిశ్చయించారు. అమెరికా జాతీయ చిత్రపట్టికలో ఆ చిత్రాన్ని 1990లో చేర్చారు. మన దేశంలోనూ ఇటువంటి కార్యానికే 1964లో పుణే నగరాన జాతీయ చలనచిత్ర భాండాగారం స్థాపించారు. వస్తువు పాతబడినది కనుక పోదు, ఉంచాలని ఎవరూ అనుకోకపోతే పోతుంది. ఈ మాట మా అమ్మాయికి మాకంటె ముందే తెలుసు. మేము పాత చెత్త అన్నప్పుడు ఆమె ఎందుకు ఊరుకున్నదో ఇప్పుడు తెలిసింది.

"విప్పి చూద్దామా తల్లీ?" అన్నాము.

"వద్దు నాన్నా. విప్పితే అదీ వెలిసిపోతుంది" అన్నది అమ్మాయి. పలుచని తెల్లని ఉతికిన గుడ్డలో చుట్టి, కర్పూరం తగలకుండా బీరువాలో తన అరలో పెట్టుకున్నది.

ఆమె చదువు విషయమై కొందరు మిత్రులు అడుగుతున్నారు. ఇంజినీరింగు ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టింది. దుస్తుల రూపకల్పన నేర్పే సంస్థకూ పెట్టింది. మేము నడుమ మార్గంగా టెక్స్‌టైల్ ఇంజినీరింగు సూచించాము. "ఆలోచిస్తాను" అన్నది. రెండు దరఖాస్తుల మీదా తండ్రి సంతకం అవసరమయింది. రెండింటి మీదా చేశాము. ఏది కుదిరినా మంచిదేనన్న మాట పూర్తిగా మనసు నుండి వచ్చినదని చెప్పలేము, కాని ఆ సంతకానికి ముందు కూర్చొని ఆమె చెప్పినది మొత్తం విన్నాము.

వేసవిలో బదిలీల ఉత్తరువులు వచ్చే కాలం సమీపిస్తున్నది. అనేక క్వార్టర్లలో రేకుపెట్టెలు అటక దిగుతాయి. మూట కట్టే ముందు ఇంటిలోని పిల్లలను ఒకసారి పిలిచి చూపవలసినదిగా పాఠకులకు మా మనవి. పెద్దలు ఉన్నవారు, ఆ బట్ట ఎవరిదో, ఏ ఏట కుట్టించినదో అడిగి ఒక కాగితం మీద వ్రాసి అందులో పెట్టండి. మూడు సంతకాలు అక్కర లేదు. ఒక్కరు అడిగితే చాలును. మేము అడగనందుకు మా ఇంట ఒక బేసిను ఉన్నది. బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించినప్పుడల్లా ఆ రెండు మూటలూ మాకు గుర్తుకు వస్తూనే ఉన్నాయి.